కాశీమజిలీ కథకు గజ్జె కడితే...

ఏర్పేడు: పొలం పనులు తగ్గి ఎండలు ముదిరేసరికి ఈ చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు పందిరి లేస్తుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. చాపా, చెంబుతో నీళ్ళూ తీసుకుని జనం పొద్దుగూకగానే చోటు పట్టుకుంటారు. పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోతారు. భీముడి వేషం తెర వెనక గజ్జెలు మోగించేసరికి వాళ్ళను తట్టి లేపుతారు. టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. తెల్లవారేదాకా మద్దెల ఆగదు.

మళయాళ స్వామి 1926లో నెలకొల్పిన వ్యాసాశ్రమం ఏర్పేడులోనే ఉంది. భారతం చెప్పిన వ్యాసుడి పేరు అలా ఈ ఊరిని అంటిపెట్టుకుంది. ఇప్పుడు ఇదే మండలంలో ఐఐటీ, ఐసర్ వంటి పెద్ద చదువుల సంస్థలు కూడా వెలిశాయి. రైలు దిగిన కొత్త కుర్రకారు చేతుల్లో ఇంగ్లీషు మాయల నవలలు కనిపిస్తాయి. ఒక్కో కథ ఏడు సంపుటాలు, ఎనిమిది సంపుటాలు. అటువంటి కథలను విదేశాల్లో పాటలతో, సంగీతంతో రంగస్థలం మీదికి ఎక్కిస్తున్నారు. కోట్ల రూపాయలు ఖర్చు పెడుతున్నారు. కొన్ని నిలిచాయి, కొన్ని బోర్లా పడ్డాయి.

మరి తెలుగువాడికి అటువంటి మాయల కథల వరుస లేదా? దాన్ని నాటకం కట్టిన వాళ్ళు లేరా? రెండూ ఉన్నాయి. 

పన్నెండు భాగాల ప్రయాణం

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. 1868లో పుట్టి 1928లో కన్నుమూసిన దీక్షితులు ఈ కథలను ఒక ప్రయాణంగా కూర్చారు. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయలుదేరతాడు. తోడుగా పశువులు కాచుకునే ఒక కుర్రాడిని పిలుస్తాడు. కుర్రాడు ఊరికే రాడు కదా! దారిలో తనకు వింతగా కనిపించినదాని గురించి అడిగితే కథ చెప్పాలి, చెప్పకపోతే వెనక్కు తిరిగి పోతానంటాడు. యతి సరేనంటాడు. ఇక ప్రతి మజిలీలో వంట, భోజనం అయ్యాక కుర్రాడు ఒక వింతను అడుగుతాడు, గురువు తన దగ్గరున్న మణి మహిమతో ఆ కథ తెలుసుకుని చెబుతాడు. కథలో మళ్ళీ కథ, అందులో ఇంకో కథ. రాజకుమారులు, మాంత్రికులు, గంధర్వులు, శాపాలు, మారువేషాలు. ఒక మజిలీలో తెగని కథ మరుసటి మజిలీకి సాగుతుంది.

ఒకనాడు ఊళ్ళలో చదువు వచ్చిన ఒకరు అరుగు మీద కూర్చుని చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. రేపటి మజిలీ ఏమిటన్న ఆత్రంతో జనం మరునాడు మళ్ళీ వచ్చేవారు. భాష గ్రాంథికమే. అయినా వినేవారికి అడ్డం కాలేదు, కథ లాక్కుపోయేది.

నాటకం కట్టేవాడికి కష్టం మొదలయ్యేది ఇక్కడే. చదివేటప్పుడు హాయిగా ఉండే ఈ కథలో కథ, రంగం మీదికి వస్తే చిక్కుముడి అవుతుంది. గురువు ఒక రాజు గురించి చెబుతుంటాడు, ఆ రాజుకు ఒక చిలక కథ చెబుతుంది, చిలక కథలో ఒక మునీశ్వరుడు మరో కథ ఎత్తుకుంటాడు. చాప మీద కూర్చున్న ముసలమ్మకు ఎవరు ఎవరో తెలియాలి. తెలియకపోతే ఆమె లేచి వెళ్ళదు, పక్కవారితో మాటల్లో పడుతుంది. నాటకానికి అంతకంటే చావు లేదు.

తోటరాముడు తొక్కిన దారి

ఈ చిక్కును విప్పిన మొనగాడు పింగళి నాగేంద్రరావు. కాశీమజిలీ నుంచి ఒక కథ బీజాన్ని తీసుకుని, అల్లావుద్దీన్ దీపం వంటి కథల పోకడలు కలిపి ‘పాతాళ భైరవి’ అల్లారు. 1951 మార్చిలో విడుదలైన ఆ విజయా వారి చిత్రానికి దర్శకుడు తాడిపత్రి మనిషి కె.వి.రెడ్డి. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. అంటే రాయలసీమ చేయి అందులో బాగానే పడింది. 1952లో భారతదేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా ఈ చిత్రాన్ని చూపారు.

పింగళి చేసిన పని గమనించదగ్గది. కథలో కథలన్నీ తీసేశారు. ఒక సాహసి, ఒక మాంత్రికుడు, ఒక రాజకుమారి, కోరింది ఇచ్చే ఒక బొమ్మ. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే కథ వారి వైపు మొగ్గుతుంది. ఉజ్జయిని తోటమాలి కొడుకు బలి ఇవ్వాల్సిన మాంత్రికుణ్ణే బలి ఇచ్చి బొమ్మను తెచ్చుకుంటాడు. మాంత్రికుడి శిష్యుడు గురువును తిరిగి బతికిస్తాడు. బొమ్మ చేయి మారుతుంది, మేడతో సహా రాజకుమారి మాయమవుతుంది. ఎక్కడా ఎవరికీ అనుమానం రాదు. పొలం గట్టు మీద కూర్చుని కూడా ఈ కథ ఒకరికొకరు చెప్పుకోవచ్చు. సినిమాకి వెళ్ళి వచ్చిన వాళ్ళు చేసింది అదే.

ఇదే ‘పాతాళ భైరవి’ని రంగస్థలం మీద ఆడి చూపినవారు సురభి నాటక సమాజం వారు.

సురభి కూడా సీమ ఊరే. కడప జిల్లాలోని ఆ ఊళ్ళో 1885లో తోలుబొమ్మలాట కుటుంబాలకు చెందిన వనారస వారు ‘కీచక వధ’ ఆడటంతో ఈ సమాజాల చరిత్ర మొదలైంది. వనారస గోవిందరావు దానికి ఆద్యుడు. తోలుబొమ్మలు ఆడించిన చేతులే కనుక బొమ్మ ఎగరాలన్నా మాయం కావాలన్నా ఎట్లాగో వారికి పుట్టుకతో తెలుసు. కుటుంబం కుటుంబమే నాటకం. తండ్రి రాజు వేషం కడితే తల్లి రాణి, కొడుకు ప్రహ్లాదుడు, మేనల్లుడు తెర లాగుతాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం ఆ రోజుల్లో పెద్ద సాహసం. వారసత్వంగా అందిన ఈ విద్యను మన కాలం దాకా మోసుకొచ్చిన వారిలో సురభి బాబ్జీగా పేరుపడ్డ రేకందార్ నాగేశ్వరరావు ఒకరు. వారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో కన్నుమూశారు.

సురభి వారి మాయ సినిమా మాయ కాదు. కత్తిరించి అతికించే వీలు లేదు. ఒకదాని వెనక ఒకటిగా రంగుల తెరలు వేలాడుతుంటాయి. దీపం ఒక్క క్షణం తగ్గుతుంది, టపాకాయ పేలుతుంది, పొగ లేస్తుంది. ఆ పొగ విడేలోపల ముందు తెర పైకి చుట్టుకుపోయి వెనక తెర బయటపడుతుంది. అడవి ఉన్న చోట అంతఃపురం ఉంటుంది. తీగల మీద నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. రెండు వైపుల నుంచి తీగల మీద పరుగెత్తుకొచ్చిన బాణాలు మధ్యలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ఇదంతా ప్రేక్షకుడికి నాలుగు బారల దూరంలో జరుగుతుంది. తీగ ఉందని తెలుసు. అయినా నోరు తెరుచుకునే చూస్తాడు. హార్మోనియం, తబలా పక్కనే మోగుతుంటాయి. పాట పాడేది కూడా ఆ తీగకు వేలాడుతున్న మనిషే.

అయితే ఒకప్పుడు ఊరూరా డేరాలు వేసుకుని తిరిగిన ఆ సమాజాలు పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తెరలు, తీగలు, పెట్టెలు, ఇంటిల్లిపాదీ ఊరు మారాలంటే లారీ కిరాయికే వచ్చిన డబ్బు చాలదు. మాయ చూపించడం ఖర్చుతో కూడిన పని.

ఇరవై ఎనిమిది మిలియన్ల పాఠం

ఖర్చు మాటకొస్తే కెనడా దేశపు టొరంటో నగరంలో 2006లో జరిగిన ముచ్చట చెప్పుకోవాలి. టోల్కీన్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు పెద్ద సంపుటాల కథ. దాన్ని ఒకే రాత్రి నాటకంగా, పాటలతో ఆడారు. సంగీతం సమకూర్చిన వారిలో ఒకరు మన పొరుగున ఉన్న చెన్నపట్నం మనిషి ఎ.ఆర్.రెహమాన్. ఫిన్లాండు దేశపు జానపద గాయనీమణుల బృందం ఒకటి ఆయనతో కలిసింది. రంగస్థలం నేల నలభై టన్నుల బరువు. గిర్రున తిరుగుతుంది, అందులో పదిహేడు చోట్ల నేల పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. యాభై మందికి పైగా నటులు. పెట్టుబడి దాదాపు 2 కోట్ల 80 లక్షల కెనడా డాలర్లు.

నాటకం మూడున్నర గంటలు సాగింది. యంత్రాలను మెచ్చుకున్న విమర్శకులు కూడా కథ అర్థం కావడం లేదన్నారు. ఏడాది తిరక్కుండానే మూత పడింది. 2007లో కుదించి, మార్చి లండన్‌లో ఆడారు. అక్కడ తొలి రోజుల్లోనే ఒక నటుడి కాలు ఆ కదిలే నేలలో ఇరుక్కుని గాయపడటంతో ఆట ఆగింది. 2008 జూలైలో అదీ ముగిసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2023 వేసవిలో ఇంగ్లండులోనే ఒక పల్లె పట్టున, పాత నీటి మిల్లును మార్చి కట్టిన రెండు వందల సీట్ల చిన్న నాటకశాలలో ఇదే సంగీత నాటకాన్ని మళ్ళీ ఆడారు. తిరిగే నేల లేదు. వేషాలు కట్టిన ఇరవై మందే వాద్యాలు కూడా వాయించారు. తోటలో ప్రేక్షకుల మధ్య పుట్టినరోజు విందుతో ఆట మొదలైంది. తర్వాత అందరూ లోపలికి నడిచారు. ఈసారి జనం మెచ్చారు, 2024లో అమెరికాకూ న్యూజిలాండుకూ ప్రయాణం కట్టింది.

ఇది చదివిన ఏర్పేడు ప్రాంతపు పెద్దమనిషికి నవ్వు రాక మానదు. వేషగాడే పాడటం, జనం మధ్యలోంచి పాత్ర నడిచి రావడం, ఆట ఒక చోట మొదలై ఇంకో చోటికి కదలడం మన భారతంలో లేనివా? బకాసురుడికి బండెడు అన్నం ఊరంతా తిరిగే వెళుతుంది. అర్జునుడి తపస్సు నాడు నాటకం పందిట్లో ఉండదు. తపసు మాను దగ్గర ఉంటుంది. వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుతూ అంత ఎత్తు మాను ఎక్కి, పై నుంచి విభూది, పువ్వులు, నిమ్మకాయలు విసురుతాడు. కింద తడి బట్టలతో బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు సాగిలపడి ఉంటారు. దుర్యోధన వధ నాడు నేల మీద మట్టితో చేసిన మహాకాయం పడుకుని ఉంటుంది. చివరికి అగ్నిగుండం. ఇంగ్లండు వారు పుస్తకాలు తిరగేసి కనుక్కున్న విద్య ఇక్కడ గుడి ముందు ఏటా జరుగుతూనే ఉంది.

ఒక్క రాత్రా, పద్దెనిమిది రాత్రులా?

అసలు కిటుకు అందులోనే ఉంది. పద్దెనిమిది పర్వాల భారతాన్ని ఒక్క రాత్రిలో ముగించాలని ఈ ప్రాంతంలో ఎవరూ అనుకోలేదు. కొన్ని ఊళ్ళలో పది రోజులు, కొన్నింట పద్దెనిమిది, ఇంకొన్నింట అంతకు మించి. మధ్యాహ్నం హరికథ దాసుగారు కథ మొత్తం తాడులా పేనుకుంటూ వస్తారు. రాత్రి నాటకం ఆ తాడులో ఒక ముడిని మాత్రం విప్పి చూపిస్తుంది. ద్రౌపది కల్యాణం ఒక రాత్రి, కీచక వధ ఒక రాత్రి. కనుక రాత్రి వచ్చినవాడికి ఎవరెవరో ముందే తెలుసు. నాటకం పరిచయాలతో కాలం వృథా చేయదు. నేరుగా పద్యంలోకి దిగుతుంది.

పన్నెండు భాగాల కాశీమజిలీని ఆడాలన్నా దారి ఇదే అనిపిస్తుంది. పింగళి వారి దారిలో ఒక్క కథను ఏరుకుని మిగతాది వదిలేయడం ఒక పద్ధతి. అది సినిమాకు కుదిరింది. మజిలీకి ఒక రాత్రి చొప్పున నడవడం రెండోది. మణిసిద్ధుడు హరికథ దాసుగారి మాదిరి చిడతలు పట్టి కథ నడుపుతాడు. పశువుల కాపరి కుర్రాడు వీధినాటకంలోని హాస్యగాడి స్థానంలోకి వస్తాడు. జనం తరఫున అడిగేది వాడే, అర్థం కాకపోతే ఆపేది వాడే. వాడు గ్రాంథికం మాట్లాడితే నవ్వులపాలు. ‘ఏం సామీ, నిన్న రాత్రి ఆ రాజును సెట్టు కింద నిద్రబుచ్చి నువ్వూ నిద్రబోతివి, ఆయప్ప లేసినాడా లేదా?’ అని ఈ నేల మాటలో అడగాలి. గురువు మాత్రం తన నిండు భాషలోనే ‘నాయనా’ అంటూ అందుకోవాలి. ఆ రెండు భాషల మధ్య రాపిడిలోనే సగం నాటకం ఉంది. కథలో కథ చిక్కుముడి కూడా వాడే విప్పుతాడు. ఎప్పుడైతే గందరగోళం మొదలవుతుందో అప్పుడు వాడు లేచి నిలబడి ఎవరు ఎవరికి చెబుతున్నారో అడుగుతాడు.

సంగీతం మాట వేరు. తెలుగు నాటకంలో పాత్రల చేతనే పాటలు, పద్యాలు పాడించే పద్ధతికి 1880లలోనే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు దారి వేశారు. అప్పటి నుంచి రాగం తీయడం నాటకానికి ప్రాణమూ అయింది, కొన్నిసార్లు భారమూ అయింది. కృష్ణరాయబారంలో పద్యం ఎంత సాగితే అంత రుచి. అక్కడ కథ అందరికీ తెలిసిందే కనుక ఆగినా ఫరవాలేదు. మాయల కథ అట్లా కాదు. మాంత్రికుడు కత్తి ఎత్తాక పావుగంట కల్యాణి రాగం తీస్తే కత్తికి తుప్పు పడుతుంది. ఇటువంటి కథకు వీధినాటకపు దరువులు నప్పుతాయి. తెర పట్టగానే గజ్జె మోత, మద్దెల జోరు, వేషం తన పేరు తానే పాడుకుంటూ గుండ్రంగా తిరగడం. పద్యాన్ని దుఃఖానికీ పంతానికీ దాచుకోవాలి.

మాయలకు పదిహేడు లిఫ్టులు అక్కర్లేదు. కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే మంట మనిషంత లేస్తుంది. అద్దం ముక్కలు పొదిగిన కొయ్య భుజకీర్తులు ఆ వెలుగులో తళుక్కుమన్న క్షణంలో మామూలు కూలి మనిషి గంధర్వుడైపోతాడు. ఇద్దరు పట్టుకునే తెర గుడ్డ ఒక్కటి ఉంటే అడవీ వస్తుంది, మేడా పోతుంది. ఇన్ని ఏళ్ళుగా ఈ ప్రాంతం చూస్తున్నది అదే. ట్యూబులైట్లు వచ్చాక ఆ తళుకు కొంత తగ్గిన మాట నిజం. అంత వెలుతురులో గుగ్గిలం మంట వెలవెలబోతుంది. మాయ ఆడేవారు ముందుగా చేయాల్సిన పని సగం లైట్లు ఆర్పేయడం.

ఎవరి అనుమతి కావాలి?

ఊళ్ళో కుర్రాళ్ళు ఉత్సాహపడి నాటకం కడదామంటే ముందు వచ్చే సందేహం ఇది. దీక్షితులు 1928లో పోయారు. రచయిత మరణించాక అరవై ఏళ్ళు దాటితే ఈ దేశంలో రచన హక్కు చెల్లుతుంది. కనుక కాశీమజిలీ కథలను ఎవరైనా నాటకం కట్టుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. ‘పాతాళ భైరవి’ సినిమా పాటలు, మాటలు మాత్రం వేరు. పింగళి 1971లో, సంగీతం చేసిన ఘంటసాల 1974లో మరణించారు. ఆ లెక్కన వాటి హక్కులు ఇంకా తీరలేదు. అయితే టిక్కెట్టు పెట్టకుండా గానీ, గుడి కోసం గానీ ఔత్సాహికులు ఆడుకునే ఆటకు చట్టంలోనే మినహాయింపు ఉంది. డబ్బు తీసుకునే బృందాలకు అది వర్తించదు. అన్నిటికన్నా మేలు సొంతంగా పాట కట్టుకోవడం. తపసు మాను మీద పాడే నటుడికి సినిమా పాట అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

హక్కుల కంటే పెద్ద చిక్కు మనుషులది. వీధినాటకం ఆడేవారిలో ఎక్కువ మంది పగలు కూలి పనో, సేద్యమో చేసుకునేవారు. పద్దెనిమిది రాత్రుల పాఠం గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వచ్చింది. కాగితం మీద ఉన్నది కొంతే. గురువు పోతే దరువులు కూడా పోతాయి. పిల్లలు చదువుకుని తిరుపతి, చెన్నై, బెంగుళూరు పట్నాలకు వెళుతున్నారు. పండగకు సెలవు పెట్టి వచ్చి రెండు రాత్రులు చూసి వెళ్ళేవారే గానీ, వేషం నేర్చుకునేందుకు మూడు నెలలు కూర్చునేవారు తక్కువ. ముఖవీణ వాయించేవాడు దొరక్కపోతే హార్మోనియంతో సరిపెడుతున్నారు. చందా పుస్తకం పట్టుకుని తిరిగే పెద్దలకు నాటకం ఖర్చూ, డీజే పాటల ఖర్చూ పక్కపక్కన పెట్టి లెక్క చెప్పాల్సి వస్తోంది. భారతం మొక్కుబడి కనుక ఆగదు. వాన కోసం, బిడ్డల కోసం, ఊరి మేలు కోసం అది జరగాల్సిందే. మొక్కు లేని కాశీమజిలీకి ఆ అండ లేదు. బాగుంటేనే జనం కూర్చుంటారు. అందుకే అది కఠినమైన పరీక్ష. ఆ పరీక్షకు కూర్చునే పిల్లలు ఎవరైనా ఉంటే, కొయ్య కిరీటం కట్టుకోవడం, గుండ్రంగా తిరగడం, దరువు అందుకోవడం నేర్చుకోవాల్సింది భారతం ఆడే ఆ పాత గురువుల దగ్గరే. నేర్చుకున్నవాడు రేపు భారతంలోనూ వేషం కట్టగలడు.

అగ్నిగుండం తొక్కి, ధర్మరాజు పట్టాభిషేకం అయిపోయాక కూడా పందిరి ఒకటి రెండు రోజులు అట్లాగే నిలబడి ఉంటుంది. మైకు వారు, లైట్ల వారు సామాను సర్దుకునేదాకా ఎవరూ గుంజలు ముట్టుకోరు. పిల్లలు ఆ ఖాళీ రంగం మీద అట్ట గదలతో భీముడాట ఆడుకుంటారు. తర్వాత తాటాకులు దించి బండికెత్తుతారు.